పౌడర్ డబ్బాలో ఇన్సులిన్ పెన్ను

ఈ వారం ఉత్తరం రాసినావిడకు 26 ఏళ్లు. పుట్టింది తెనాలి దగ్గరి పల్లెలో, ఉద్యోగం హైదరాబాదులో, ఉండేది హాస్టల్లో. పేరు వేయొద్దన్నారు. పదకొండో ఏట టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని రకం, బయటపడింది. అప్పటినుంచీ రోజుకు నాలుగు సార్లు ఇన్సులిన్.

రెండు నెలల కిందట ఓ పొద్దున ఆఫీసుకు ఆలస్యమవుతోందని ఇన్సులిన్ వేసుకుని, టిఫిన్ దారిలో తిందాంలే అని బయల్దేరారు. బస్టాపుకు వచ్చేసరికి మాట ముద్దగా అయిపోయింది, కాళ్లు తేలిపోయాయి. ఆ తర్వాత జరిగింది ఆమెకు గుర్తు లేదు, పక్కనున్న టీ కొట్టాయన చెప్పాడు. ఒకరు "పొద్దున్నే తాగేసిందా ఏంటి" అన్నారట. బ్యాగు వెతికినావిడ సూదీ పెన్నూ చూసి మత్తుమందు అనుకుందట. మూడో ఆయన మాత్రం అది ఇన్సులిన్ అని గుర్తుపట్టి "షుగర్ పేషెంటమ్మా, ఇదిచ్చేస్తే లేస్తుంది" అన్నాడట. ఎలా ఇవ్వాలో అక్కడ ఎవరికీ తెలియలేదు కాబట్టి సరిపోయింది. ఈలోగా ఎవరో కుర్రాడు 108కి ఫోన్ చేశాడు. అంబులెన్సులో వేలు గుచ్చి చూస్తే షుగర్ 38, అంటే ప్రమాదకరంగా తక్కువ.

విషయం తెలిసి డల్లాస్‌లో ఉన్న పిన్ని కొడుకు ఒక స్టీలు బ్రేస్‌లెట్ పంపించాడు. దానిమీద వైద్యానికి గుర్తుగా వాడే పాము చుట్టుకున్న కర్ర బొమ్మ, వెనకాల ఆమె జబ్బూ మందూ చెప్పే మూడు ఇంగ్లీషు లైన్లు. ఊళ్లో బంధువులమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు అది పెట్టుకుని వెళ్తే, వాళ్లమ్మ గదిలోకి తీసుకెళ్లి విప్పించేశారు. "నీ జబ్బు నువ్వే దండోరా వేసుకుంటావా? చెల్లెలొకతి ఉందని గుర్తుందా?" అన్నారట. ఒక సంబంధం మాటల్లో ఉంది. అబ్బాయిది గుంటూరు, దసరా తర్వాత తాంబూలాలు. షుగర్ సంగతి వాళ్లకు తెలియదు. "ఈ రోజుల్లో షుగర్ ఎవరికి లేదు, పెళ్లయ్యాక చెప్పొచ్చు" అన్నది అమ్మ మాట. నాన్న మాట "మీ అమ్మతో నేను పడలేను." బంధువుల ఇళ్లకు వెళ్తే ఈ అమ్మాయి ఇన్సులిన్ పెన్ను ఖాళీ పౌడర్ డబ్బాలో పెట్టుకుని, బాత్‌రూములో వేసుకుని వస్తుంది.

ఆమె అడిగినవి ఇవి. బ్రేస్‌లెట్ వేసుకోవాలా, వద్దా? అసలు మన దగ్గర దాన్ని చదివేవాళ్లెవరు? గాజుల మధ్యలో కనపడకుండా వేసుకుంటే అమ్మ బాధా ఉండదు, నా పనీ అవుతుంది కదా?

*

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ మూడో ఆయన. మొదటి ఇద్దరూ మిమ్మల్ని అనుమానించారు, అంతే. మీ మీద జాలిపడి, కాస్తో కూస్తో తెలిసి, సాయం చేయబోయిన మనిషే మిమ్మల్ని చంపబోయాడు. షుగర్ 38కి పడిపోయిన మనిషికి ఇంకాస్త ఇన్సులిన్ ఎక్కిస్తే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఆయన్ని తప్పుపట్టను. మన ఊళ్లలో షుగర్ అంటే ఎక్కువవడమే, తగ్గడం అన్న మాట చాలామంది ఊహలో లేదు. షుగర్ వాళ్లు పడిపోయారంటే మందు మానేశారని లెక్క. తాగారనుకోవడం కూడా వింతేం కాదు. మెదడు నడిచేదే గ్లూకోజు మీద, అది అందకపోతే మాట తడబడుతుంది, నడక తూలుతుంది, ఒక్కోసారి కోపం కూడా వస్తుంది. బయటినుంచి చూసేవాళ్లకు తాగినదానికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

కాబట్టి "చదివేవాళ్లెవరు" అన్న మీ ప్రశ్న నుంచే మొదలుపెడతాను. నిజం చెప్పాలంటే, మీ అన్నయ్య పంపిన బ్రేస్‌లెట్ ఆ రోజు మీ చేతికి ఉన్నా ఆ బస్టాపులో పెద్దగా పనిచేసి ఉండేది కాదు. ఆ గుర్తుకు అర్థం తెలిసినవాళ్లు మన వీధుల్లో తక్కువ. పైగా అందులో "ఇన్సులిన్" అన్న మాట ఉందని రాశారు. దాన్ని చదివితే మూడో ఆయనకు తన మాటే నిజమన్న ధైర్యం వచ్చేది.

ఆ వస్తువు పుట్టింది వేరే అవసరానికి. 1953లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని టర్లాక్ అనే ఊళ్లో, కాలిన్స్ అనే డాక్టరు గారి అమ్మాయికి వేలు తెగింది. ధనుర్వాతం రాకుండా ఇచ్చే మందు పడుతుందో లేదో చూడ్డానికి చర్మం మీద వేసిన చుక్కకే ప్రాణం మీదికొచ్చింది. ఆ తర్వాత ఆ పిల్ల ఎక్కడికి వెళ్లినా "ఈ మందు ఇవ్వకండి" అని కాగితం రాసి కోటుకు పెట్టి పంపేవాళ్లు. కాగితం పోయి వెండి బ్రేస్‌లెట్ వచ్చింది. 1956లో ఆ తల్లిదండ్రులే మెడిక్‌అలర్ట్ అనే సంస్థ పెట్టారు. వాళ్ల బ్రేస్‌లెట్ వెనక ఒక ఫోన్ నంబరు, ఆ నంబరు వెనక ఇరవైనాలుగు గంటలూ పలికే మనుషులు, సభ్యుల వివరాలూ ఉంటాయి. మీ అన్నయ్య ప్రేమగా పంపినదాని వెనక ఎవరూ లేరు. దానికి మీరే మనుషుల్ని పెట్టుకోవాలి.

ఇంకో తేడా కూడా ఉంది. ఆ అమ్మాయికి పడనిదేమిటో ఆసుపత్రికి చేరగానే వేలు గుచ్చి చేసే పరీక్షలో తెలియదు. పెన్సిలిన్ పడనివాళ్లదీ, రక్తం పలచబడే మందు వాడేవాళ్లదీ ఇదే పరిస్థితి. స్పృహ లేనప్పుడు ఆ సంగతి చెప్పేది ఒంటిమీద ఉన్న అక్షరమే. (మా మామగారికి గుండె కవాటం మార్చాక అలాంటి మందే వాడేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ చీటీ ఉండాల్సింది, ఉండేది కూడా, నిన్నటి చొక్కాలో.) మీ సంగతి వేరు. స్పృహ తప్పిన మనిషి అంబులెన్సులోకో క్యాజువాలిటీకో చేరితే ముందుగా చూసేవాటిలో షుగర్ ఒకటి. మీకూ అదే జరిగింది. అంటే అక్కడిదాకా చేరితే బ్రేస్‌లెట్ లేకపోయినా లో షుగర్ దొరికిపోతుంది. మీకది కావలసింది రెండు చోట్ల. ఒకటి, అంబులెన్సు రాకముందు ఆ పదీ ఇరవై నిమిషాలు. రెండోది మీరు రాయలేదు, నేనే చెబుతున్నాను. ఏ యాక్సిడెంటులోనో స్పృహ లేకుండా ఆసుపత్రిలో పడుంటే, మీది మామూలు షుగర్ అనుకుని, తిండి లేదు కదా అని ఇన్సులిన్ ఆపేస్తే, టైప్ 1 వాళ్లకు ఒక్క రోజులోనే ఒంట్లో ఆమ్లాలు పేరుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరుకు "షుగర్" అని తెలిస్తే చాలదు, "టైప్ 1" అని తెలియాలి.

ఇప్పుడు చిక్కు చూడండి. డాక్టరుకు ఇన్సులిన్ ఆపొద్దని చెప్పాలి. దారినపోయేవాళ్లకు ఇన్సులిన్ ఇవ్వొద్దని చెప్పాలి. రెండూ ఒకే బిళ్ల మీద. అందుకే రెండు పక్కలూ వాడుకోమంటాను. వెనక, చర్మానికి తగిలే వైపు, డాక్టరు కోసం ఇంగ్లీషులో "టైప్ 1 డయాబెటిస్, ఇన్సులిన్ మీద ఉన్నారు" అన్న అర్థం వచ్చేలా ఒక లైను, ఇంటివాళ్ల ఫోన్ నంబరు. పైకి కనపడే వైపు తెలుగులో పెద్ద అక్షరాలతో "షుగర్ పడిపోయింది. సూది వేయకండి. 108". అంతకంటే ఎక్కువ పట్టదు, పట్టినా కంగారులో ఎవరూ చదవరు. మీరుండే చోట సెక్యూరిటీ వాళ్లూ ఆటోవాళ్లూ చాలామంది హిందీలోనే మాట్లాడుతుంటే, తెలుగు కింద హిందీలో నాలుగు మాటలు చేర్చడంలో తప్పులేదు. డల్లాస్ బ్రేస్‌లెట్‌తోనే పని జరగాలని లేదు. మనవాళ్లు పెళ్లికి పెట్టే బిందె మీద, గిన్నెల మీద పేరూ తేదీ చెక్కిస్తారు కదా, స్టీలు సామాన్ల కొట్లో ఆ చేతిమిషను పట్టుకునే ఆయనే ఒక చిన్న స్టీలు బిళ్ల మీద ఇదీ చెక్కేస్తాడు. గిన్నె ఎవరింటిదో తెలియాలని పేరు చెక్కించే జాతి మనది, మనిషి విషయంలో మొహమాటపడుతున్నాం. బంగారంతో మాత్రం చేయించకండి. మిమ్మల్ని కాపాడటానికి పెట్టుకున్నది దొంగల కంట పడటం ఎందుకు?

క్యూఆర్ కోడ్ ఉన్న బ్రేస్‌లెట్లు కూడా అమ్ముతున్నారు. వాటిలో చాలా వివరాలు పడతాయి. కానీ రోడ్డు మీద పడి ఉన్న మనిషి చేతిమీది కోడ్‌ను ఎవరైనా స్కాన్ చేస్తారా? కోడ్ అంటేనే డబ్బు పోతుందని భయపడే రోజులివి. రెండోదిగా పెట్టుకోండి, మొదటిదిగా వద్దు. ప్రభుత్వం ఇచ్చే ఆభా ఆరోగ్య కార్డు ఉంది కదా అంటారేమో. ఆ పద్నాలుగంకెల నంబరు మీ రికార్డులన్నీ ఒకచోట చేర్చడానికి పనికొస్తుంది గానీ, అవి ఇంకొకరు చూడాలంటే మీ అనుమతి కావాలి. స్పృహ లేనివాళ్లు అనుమతి ఎలా ఇస్తారు? ఫోన్ సంగతి మాత్రం ఇవాళే చూసుకోండి. లాక్ తీయకుండానే అత్యవసర వివరాలు కనపడేలా పెట్టుకునే వీలు ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉంది, అయిదు నిమిషాల పని.

గాజుల మధ్య దాచుకునే ఆలోచన నాకు నచ్చలేదు. డజను గాజుల మధ్య ఉన్నది నర్సుకైనా కనపడదు. చేతికి సెలైన్ పెట్టేటప్పుడు గాజులన్నీ కలిపి తీసి పర్సులో వేస్తారు, అదీ వాటితోనే పోతుంది. కాలి పట్టీలా పెట్టుకుంటే అసలు ఎవరూ చూడరు. మెళ్లో సన్నని గొలుసుకు బిళ్లగా వేసుకోవచ్చు, కాకపోతే డ్రెస్సు లోపల ఉంటుంది కాబట్టి ఆసుపత్రిలో పనికొస్తుంది, బస్టాపులో పనికిరాదు. ఊళ్లో ఫంక్షన్లకు గొలుసు, హైదరాబాదులో చేతికి బ్రేస్‌లెట్, ఇలా రెండూ పెట్టుకుంటే కొంత నయం. ఊళ్లో మీ అమ్మగారు పక్కనే ఉంటారు, చెక్కించిన అక్షరాల కంటే ఆవిడే బాగా చెప్పగలరు.

ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి అడగాలి. ఉత్తరం మూడో పేజీలో, అమ్మ మీద కోపం అంతా అయిపోయాక, ఒక్క లైను రాశారు. "ఆఫీసుకు కూడా వేసుకెళ్లడం లేదు, కీబోర్డుకు తగులుతోంది." ఆఫీసులో మీ అమ్మగారు లేరు కదమ్మా. వాచీ కూడా కీబోర్డుకు తగులుతుంది, దాన్ని తీయరు. మీకూ అది పెట్టుకోవాలని లేదేమో. లేకపోతే తప్పేం లేదు. పదిహేనేళ్లుగా దాచడం నేర్పిన చేతికి ఒక్క రోజులో చూపించడం రాదు. కానీ "అమ్మ వద్దంటోంది", "నాకే మనసొప్పడం లేదు" అన్నవి వేరు వేరు ముడులు. రెండూ ఒకటిగా కట్టేస్తే ఏదీ విప్పలేం. అమ్మ ఒప్పుకున్నాక కూడా బ్రేస్‌లెట్ సొరుగులోనే ఉండిపోతుంది.

మీ విషయంలో ఇది పట్టించుకోవాల్సిన సంగతే. షుగర్ పడిపోయేటప్పుడు చెమట, వణుకు, గుండెదడ ముందే హెచ్చరిస్తాయి. టైప్ 1తో చాలా ఏళ్లు గడిచినవాళ్లలో కొందరికి ఆ హెచ్చరికలు మొద్దుబారిపోతాయి. ఆ రోజు మీకు ముందుగా ఏమైనా తెలిసిందో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే అదే మాట మీ డాక్టరుకు చెప్పండి. మోతాదు మారుస్తారు, చేతికి అతికించుకునే సెన్సర్ గురించి చెబుతారు. హెచ్చరించే రకం తీసుకుంటే, షుగర్ పడిపోతున్నప్పుడు అది ఫోన్‌లో మోగుతుంది. రకాన్ని బట్టి పది పదిహేను రోజులకోసారి మార్చాలి, ఖర్చు ఎక్కువే. కానీ మీ జీతంలో వీలైతే నేను దానికే మొదటి ఓటు వేస్తాను. బ్రేస్‌లెట్ పడిపోయాక మాట్లాడుతుంది, సెన్సర్ పడకముందే మాట్లాడుతుంది. బ్యాగులో గ్లూకోజు పొట్లం, 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర, పావుగంటాగి మళ్లీ చూసుకోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే. తెలిసి కూడా టిఫిన్ దారిలో తిందాం అనుకున్నారు. అందరం చేసే పనే, మీకు మాత్రం అది ఖరీదైన పని.

అమ్మగారి సంగతి. ఆవిడ దాచిపెడుతున్నారని మీ కోపం. నాకు కనపడింది ఇంకోటి. పదకొండేళ్ల పిల్లకు సూది వేయడం నేర్చుకున్నది ఆవిడే. రాత్రి రెండింటికి లేచి మీ వేలు గుచ్చి చూసినావిడా ఆవిడే, ఆ మాట మీరే రాశారు. పిల్లకు తాయెత్తు కట్టించింది కూడా ఆవిడేనన్నారు, కాస్త ఎగతాళిగా. ఆ తాయెత్తును ఊరంతా చూసింది, అప్పుడు ఆవిడ సిగ్గుపడలేదు. దిష్టి తగిలిందంటే పిల్ల తప్పు కాదు, తల్లి తప్పూ కాదు. జబ్బంటే మాత్రం "ఎవరి వైపునుంచి వచ్చింది" అని అడుగుతారు. ఆ ప్రశ్న ఆవిడను ఎవరో ఎప్పుడో అడిగే ఉంటారు. బ్రేస్‌లెట్ చూడగానే ఆవిడకు మీ బస్టాపు కాదు, ఆ ప్రశ్న గుర్తొచ్చిందేమో. టీ కొట్టాయన చెప్పింది మీరు ఆవిడకు పూర్తిగా చెప్పలేదని కూడా రాశారు, కంగారు పడుతుందని. చెప్పండి. ముఖ్యంగా మూడో ఆయన సంగతి. ఇన్సులిన్ అంటే ఏమిటో ఆవిడకు ఒకరు విడమరచి చెప్పనక్కర్లేదు. ఏ వాదనా లేకుండా ఆ ఒక్కటి చెప్పి ఊరుకోండి, రెండు రోజులు.

పెళ్లి మాట. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాచను. "షుగర్ ఎవరికి లేదు" అని చెప్పి ఊరుకోవడం సగం నిజం. వాళ్లు మాత్రతో పోయే షుగర్ అనుకుంటారు. అసలేమీ చెప్పకుండా పెళ్లి జరిగితే ఏమవుతుంది? ఫ్రిజ్‌లో పెట్టాల్సిన మందు, అన్నం ముందు వేసుకోవాల్సిన సూది. అత్తగారింట్లో పౌడర్ డబ్బా ఎన్ని రోజులు పనిచేస్తుంది? పెళ్లి హడావిడిలో, ఉపవాసాల్లో, వేళ తప్పిన భోజనాల్లో షుగర్ పడిపోతే, అక్కడ మళ్లీ ఒక మూడో ఆయన ఉంటాడు, ఈసారి బంధువు. చట్టం మాట కూడా వినండి. ముఖ్యమైన సంగతి దాచి మోసంతో ఒప్పించారంటూ పెళ్లి రద్దు చేయమని కోర్టుకు వెళ్లే వీలు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది, నిజం తెలిసిన ఏడాదిలోపు వెళ్లాలి. ప్రతి కేసులోనూ గెలుస్తారని కాదు. కానీ చెల్లెలి పెళ్లికి అడ్డం వస్తుందని దాచింది రేపు కోర్టు మెట్ల మీద ఉంటే, అప్పుడు చెల్లెలి సంగతేమిటని మీ అమ్మగారిని మెల్లగా అడగొచ్చు.

చెప్పడంలోనూ రెండు దారులున్నాయి. పెద్దవాళ్లు పెద్దవాళ్లకు చెప్పడం ఒకటి. అందులో మర్యాద ఉంది, కానీ మాట చేతులు మారేకొద్దీ "కొంచెం షుగర్" అయిపోతుంది. రెండోది, తాంబూలాలకు ముందే ఆ అబ్బాయితో మీరే ఒక గంట కూర్చుని చెప్పడం. మీ అమ్మగారికి కోపం రావచ్చు, సంబంధం తప్పిపోవచ్చు కూడా. తప్పితే నెల రోజులు ఇల్లు నరకంలా ఉంటుంది, ఆ మాట కాదనను. అయినా నేను రెండోదే ఎంచుకుంటాను, కాకపోతే ఇంట్లో ముందు చెప్పి, "నేను మాట్లాడతాను, మీరు తేదీ చూడండి" అని. ఆ అబ్బాయి పుట్టబోయే పిల్లల గురించి అడిగితే సిగ్గుపడకండి. ముందే షుగర్ అదుపులో పెట్టుకుని, డాక్టరుతో మాట్లాడుకుని గర్భం దాల్చి పిల్లల్ని కంటున్న టైప్ 1 ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. తల్లికి ఉంటే బిడ్డకు టైప్ 1 వచ్చే అవకాశం నూటికి నాలుగు లోపే. ఆయన ఒప్పుకుంటే ఆ గంటలోనే పెన్ను చూపించండి, ముఖం చూస్తే మీకు చాలా తెలుస్తుంది.

ఊరంతటికీ చెప్పమని నేననడం లేదు. ఓణీల ఫంక్షన్‌కు వచ్చిన మూడొందల మందికి మీ ఒంటి సంగతి తెలియాల్సిన అవసరం లేదు, ఆ మేరకు మీ అమ్మగారి మాటే సరైంది. తెలియాల్సింది మీరు పడిపోతే దగ్గర్లో ఉండేవాళ్లకు. హాస్టల్లో గదిలో ఉండే అమ్మాయి, ఆఫీసులో పక్క సీట్ల వాళ్లు ఇద్దరు. మేనేజరుకు చెప్పడం మీ ఇష్టం. కొందరు అర్థం చేసుకుంటారు, కొందరు రాత్రి షిఫ్టుల దగ్గరా ప్రమోషన్ దగ్గరా మనసులో లెక్కేసుకుంటారు. మనిషిని బట్టి చూసుకోండి. పక్క సీటు వాళ్లకు మాత్రం నాలుగు మాటలు చాలు. "తేడాగా మాట్లాడితే జ్యూస్ తాగించండి. మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పెన్ను ముట్టుకోకండి. 108." బ్రేస్‌లెట్‌కు వెనక మనుషుల్ని పెట్టుకోవాలన్నాను కదా, వాళ్లే వీళ్లు.

చివరిగా, చెక్కించే నంబరు. హాస్టల్ స్నేహితురాలిది వద్దు, ఆరు నెలల్లో గది మారితే స్టీలు మీద అక్షరం చెరగదు. మీ నాన్నగారిదే వేయిస్తానన్నారు. సరే. కానీ చెక్కించే ముందు ఎవరిదైనా కొత్త నంబరు నుంచి ఓ మధ్యాహ్నం ఆయనకు ఒకసారి ఫోన్ చేసి చూడండి, ఎత్తుతారో లేదో.